ఫౌంటెన్ తొట్టిలో బతుకమ్మలు

2011. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ మధ్య ఒక కాలనీ పార్కు నిర్వహణ మా కాంట్రాక్టరు చేతిలో ఉండేది. నేను అక్కడ సైట్ ఇంజినీరుని. పార్కు కట్టడం సులువే. ఏళ్ళు గడిచినా దాన్ని పార్కులా నిలబెట్టడం కష్టం. మా వృత్తిలో మెయింటెనెన్స్ అంటే అదే.

పార్కు మధ్యలో చిన్న ఫౌంటెన్ ఉండేది. కాలనీ సంఘం అధ్యక్షుడు సుబ్బారావు గారు ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించుకున్నారు దాన్ని. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ లెక్చరరు ఆయన. సద్దుల బతుకమ్మ మర్నాడు మాత్రం ఏటా ఫౌంటెన్ ఆగిపోయేది. ఆడవాళ్ళు ఆడినంతసేపు ఆడి, బతుకమ్మలను ఆ తొట్టిలోనే వదిలేవారు. గునుగు, తంగేడు కాడలు నీటి అడుగున ఉండే సబ్‌మెర్సిబుల్ పంపు రెక్కలకు చుట్టుకుని మోటారు కాలిపోయేది.

ఆ ఏడు పండుగకు గేటు మూసేస్తానన్నారు సుబ్బారావు గారు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. గేటు మూస్తే ఆంధ్రావాళ్ళు బతుకమ్మను ఆపారన్న మాట పుడుతుంది. ఒకే వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే ఇళ్ళ మధ్య ఆ మాట పడితే మళ్ళీ కలవడం కష్టం.

నేనూ ఆయనా పార్కులో ఉండగా కూరగాయల బండి నడిపే యాదమ్మ మా దగ్గరికే వచ్చింది. ఆమెది నల్లగొండ దగ్గర పల్లె.

“గేటు మూస్తే మేమేడికి పోవాలె సారూ? చెరువుకాడికి పోదమంటే బస్సులు బందాయె.”

“మోటారు కాలిపోతోంది యాదమ్మా. ఏటా చెబుతూనే ఉన్నాను” అన్నారాయన.

“మీ ఫౌంటెన్ ఏనాడన్న మంచిగ ఎగిరిందా? దానికన్న మా పిల్లలే ఎక్కువ ఎగురుతరు.”

ఆయన నవ్వు ఆపుకుని నావైపు తిరిగారు. “మీరు చర్చికి వెళ్ళేవారు, మీకీ పూల పట్టింపు ఉండదు. మీరే చెప్పండమ్మా.”

నిజమే, నేను బతుకమ్మ ఆడను. ఆదివారం ఆరాధన తప్పని ఇంట్లో, వాక్యం వింటూ పెరిగాను. కానీ చర్చి సంఘమంతా ఒకచోట చేరితే ఏమవుతుందో నాకు తెలుసు.

“మా మందిరంలో అందరం కలిసి తినే ప్రేమవిందు అయ్యాక నేలంతా అన్నం మెతుకులే సార్. అందుకని విందు మానలేదు. నీళ్ళు పోస్తే తలుపు దాకా కొట్టుకుపోయేలా గచ్చుకు వాలు పెట్టించుకున్నాం. ఇక్కడా అంతే చేద్దాం.”

“అంటే ఫౌంటెన్ తీసేస్తారా?” ఆయన గొంతు చిన్నబోయింది.

“పంపు తీసేస్తాను. తొట్టి ఉంటుంది. తొట్టి నీళ్ళు ఇక్కడ మీరు పెంచే మొక్కలకే వస్తాయి.”

ఆయన తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళిపోయారు. ఆయన మనసు మెత్తబడాలని ఇంట్లో ప్రార్థన చేసుకున్నాను. మర్నాడు వచ్చి ఒకటే అడిగారు.

“మల్లె పాదుల దాకా కూడా వస్తాయా?”

“వస్తాయి సార్.”

తొట్టి అడుగు పైకి లేపి, ఒక మూలకు వాలు ఇచ్చాం. ఆ మూలలో పైకి ఎత్తి తీయగలిగే ఇనుప జాలీ బుట్ట పెట్టాం. పూలు బుట్టలో ఆగుతాయి, నీళ్ళు పాదులకు పోతాయి. ఏటా అడుగుల కింద నలిగి చచ్చే గడ్డి తీసేసి, తొట్టి చుట్టూ గరుకు బండలు పరిచాం.

పండుగ సాయంత్రం గేటు బార్లా తెరిచి, పక్కనే నిలబడ్డారు సుబ్బారావు గారు. “మొక్కలు తొక్కకండమ్మా” అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు. ఆయన భార్య చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడేవాళ్ళ వరుసలోనే తిరుగుతోందని ఆయన చాలాసేపు గమనించలేదు.

తెల్లారి నేను వెళ్ళేసరికి తోటమాలి ఒక పక్క పడితే, రెండో పక్క పట్టి సుబ్బారావు గారే బుట్ట ఎత్తుతున్నారు.

“ఇన్ని పూలు ఎందుకు పేర్చారు యాదమ్మా?” అని అరిచారు గేటు బయట ఉన్న కూరగాయల బండి వైపు.

“ఒచ్చే ఏడు ఇంకింత పెద్దగ పేరుస్తం సారూ. బుట్ట పెద్దది చేయించుండ్రి.”

అప్పటినుంచి ఏ పార్కు డ్రాయింగు చేతికొచ్చినా ముందు అక్కడ జరిగే పండుగల గురించి, ఆ తర్వాత మర్నాడు ఊడ్చే మనిషి గురించి అడుగుతాను. మనుషులు గుంపుగా చేరి సంతోషించాలనే దేవుడు వాళ్ళను చేశాడని నా నమ్మకం. వాళ్ళు వెళ్ళాక ఊడ్చేవాళ్ళ పని తేలిక చేయడం నాకు అప్పగించిన సేవ.