మత్తులో మొక్కిన మొక్కు

ఆ రోజుల్లో నా ఆస్తి ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే తల నిమిరి చూపించేవాణ్ని. బంగారుపాళ్యంలో మామిడితోట నాయనది, మండీలో పేరూ ఆయనదే. నాకంటూ ఉన్నది చెవుల మీదికి జారే ఒత్తయిన జుట్టొక్కటే. నాయన తల అప్పటికే నున్నగా ఉండేది కాబట్టి, ఇది ఆయన ఇచ్చింది కాదన్న గర్వం కూడా నాకుండేది. తిరుపతిలో డిగ్రీ ఆఖరి ఏడాది. కాలేజీ నాటకంలో నన్ను హీరోని చేసింది ఆ జుట్టేనని నాకూ తెలుసు (నటన సంగతి రిహార్సల్ చూసినవాళ్ళని అడక్కండి). సరిగ్గా నాటకానికి వారం ముందు జ్ఞానదంతం పోటు మొదలైంది. రావలసిన దారిలో రాకుండా దవడలో అడ్డంగా పడుకుందట.

డాక్టరమ్మ సూది ఎత్తగానే నేను కుర్చీలోంచి లేచి తలుపు దగ్గర తేలాను. ఆమె నవ్వి, "మత్తిచ్చి తీస్తాంలే. పూర్తిగా నిద్రపోవు, పిలిస్తే పలుకుతావు, కానీ తర్వాత ఏమీ గుర్తుండదు" అంది. వెంట వచ్చిన నాయనకు ఇది తలవంపులుగా తోచింది. "పన్ను పీకేదానికి మత్తెందుకప్పా? నాకు పీకినప్పుడు ఆ కుర్చీలోనే ఒక లారీ కాయలు బేరం జేసినా" అన్నాడు. (నోరు తెరుచుకుని బేరమెలాగ అనకండి, మా మండీల్లో బేరం తువ్వాలు కింద వేళ్ళతో సాగుతుంది.) మరునాడు పచ్చినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళాను. చేతికి సన్నటి సూది పెట్టారు, పైనున్న దీపం రెండయింది. అంతే.

మెలకువ వచ్చేసరికి నోట్లో దూది, పక్కన నాయన. "ఎంత మాట ఇస్తివిరా సామికి!" అన్నాడు గంభీరంగా. దూదిలోంచే ఏ మాట అని అడిగాను. "పన్ను సుకంగా ఊడొస్తే తలనీలాలిస్తానని మొక్కుకుంటివి గదరా, ఇప్పుడే, ఈడే, నా చెయ్యి పట్టుకోని!" నాకేమీ గుర్తు లేదు. గుర్తుండదని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా, ఇక కాదనడానికి నోరెక్కడిది? (ఉన్న నోరు వాచిపోయి ఉంది.) మత్తులో అన్నది లెక్కలోకి రాదని ఇంటికొచ్చాక వాదించాను. "మత్తు నీకు గానీ సామికి గాదు గదా" అన్నాడాయన.

వాచిన దవడతోనే కొండ బస్సెక్కాను. కల్యాణకట్టలో మొదటి పాయ ఒళ్ళో పడినప్పుడు నిజంగానే ఏడ్చాను. హీరో వేషం మా రూమ్మేటుకు పోయింది. నాకు హీరో తండ్రి వేషం ఇచ్చారు, మేకప్ అక్కర్లేదని. (చప్పట్లు మాత్రం నాకే ఎక్కువ వచ్చాయని అమ్మ అంటుంది. అమ్మ ఆ నాటకానికి రాలేదు.)

జుట్టు మళ్ళీ వచ్చింది, కొన్నేళ్ళకు ఏ మొక్కూ లేకుండా తనంతట తానే వెళ్ళిపోయింది. ఈ మధ్య మా ఆరేళ్ళ పాపకు పళ్ళు చాలా పుచ్చిపోతే, అన్నీ ఒకేసారి బాగుచేయడానికి పూర్తి మత్తు ఇవ్వాలన్నారు. మాస్కు మంచి వాసన వస్తుందని చెబితే అది హుషారుగా లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకోగానే వచ్చి నాయన పక్కన కూర్చున్నాను. కళ్ళు మూసుకుని స్వామికి ఒక మాట చెప్పుకున్నాను. తెరిచేసరికి నాయన నన్నే చూస్తున్నాడు.

"ఆ పొద్దు నువ్వేం మొక్కుకోలేదురా" అన్నాడు మెల్లగా. "నువ్వు లోపలుంటే బయట నాకు గుండె నిలవలా. నేనే మొక్కినా."

"అయితే నీ జుట్టు ఇచ్చుకోవాల గదా నాయనా!"

"నా తలమింద యాముండాదిరా ఇచ్చేదానికి?"

కోపం రావలసింది, రాలేదు. అప్పటికే నా చెయ్యి నున్నటి నా తల మీద ఉంది.

కాసేపటికి పాపను బయటికి తెచ్చారు. మత్తు వదలని కళ్ళతో నా వేలు పట్టుకుంది. దాని రెండు జడలూ దిండుకు అటొకటి ఇటొకటి పడి ఉన్నాయి. నేను గొంతు సవరించుకున్నాను.

"బంగారూ, నువ్విందాక మత్తులో సామికి ఎంత మాట ఇచ్చినావో తెలుసునా?"

నాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.