శౌరయ్య తెచ్చిన సినిమా, నేను రాసిన సమీక్ష

శౌరయ్యంటే నాకు కడుపుమంట. దాచి లాభం లేదు. ఇద్దరిదీ గుంటూరు జిల్లానే. అతను ఫిరంగిపురం నుంచి మెల్‌బోర్న్ వచ్చి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేసేవాడు. నేను రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే భయం పుణ్యమా అని ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములు సరిచేసేవాణ్ణి. అయినా ఎవరింట పెరట్లో మాంసం కాల్చుకు తినే బార్బీ విందు పెట్టినా జనం అతని చుట్టూనే మూగేవాళ్ళు. నా దగ్గరికి వీసా సంగతులు అడగడానికి వచ్చేవాళ్ళు.

తొంభై తొమ్మిదిలో అతను సిడ్నీ నుంచి ఓ తెలుగు సినిమా రీళ్ళు తెప్పించి, మెల్‌బోర్న్‌లోనే కోబర్గ్ పేటలో హాలు అద్దెకు తీసుకున్నాడు. పెళ్ళిళ్ళ వంటవాడొకడు రౌడీల్ని తన్నే ఫైటింగు కామెడీ. ఇండియాలో పత్రికలన్నీ దాన్ని చీల్చి చెండాడాయి. నేను మా ఆవిడ కుల్సుంని తీసుకెళ్ళాను. ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలైనా ఆమె నోరారా నవ్వగా నేను చూడలేదు.

ప్రొజెక్టర్ నడిపే ముసలాయన ఆస్ట్రేలియావాడు, తెలుగు రాదు. ఇంటర్వెల్ తర్వాత రెండు రీళ్ళు ముందుది వెనక, వెనకది ముందు వేశాడు. చచ్చిన విలన్ లేచొచ్చి సాంబారు అడిగాడు. శౌరయ్య వెళ్ళి తెర పక్కన నిలబడ్డాడు.

"కంగారు పడబాకండి. ఈయన చావడానికి ఇంకో పది నిమిషాలు టైముంది," అన్నాడు.

హాలంతా గొల్లుమంది. కుల్సుం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతని మాటకి! నేను చెప్పిన జోకులన్నీ ఏ గంగలో కలిశాయో.

మా తెలుగు సంఘం పత్రికలో సినిమా పేజీ నాదే. తలా తోకా లేని కథ, చచ్చినవాడు లేచి తిరుగుతాడు అని రాసిపారేశాను. రీళ్ళు తారుమారయ్యాయని నాకు తెలుసు. తెలిసే రాశాను. చదివినవాళ్ళు ఇలాంటి చెత్త తెచ్చావేమయ్యా అని శౌరయ్యని దెప్పారు. అతను మళ్ళీ సినిమా తేలేదు. నా కడుపు చల్లబడింది.

రెండు వేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగలేదు, నా ఉద్యోగమే ఆగింది. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ ఉండగా ఇండియన్ షాపులో ఆ సినిమా క్యాసెట్ కనబడింది. తెచ్చి చూశాను. వరసలో చూస్తే కథ ఎక్కడా తడబడలేదు. వంటవాడు సాంబారు బకెట్ ఒక చేత్తో పట్టుకునే ఆరుగుర్ని కొడతాడు, చుక్క ఒలకదు. ఆఖరి దెబ్బ కొట్టి, బంతిలో కూర్చున్న ముసలమ్మకి గరిటెడు వడ్డిస్తాడు. పత్రికలవాళ్ళు ఏం చూసి తిట్టారో గానీ, అందులో ఎంత పనితనముందో పెళ్ళిలో వడ్డించినవాడికి తెలుస్తుంది. పగలబడి నవ్వాను. దీన్ని తెచ్చింది శౌరయ్యేనని గుర్తొచ్చి మళ్ళీ మండింది.

అయినా సంఘం పత్రికలో మళ్ళీ రాశాను. సినిమా మంచిదని, రీళ్ళ సంగతి తెలిసే దాచానని, అది నా కుళ్ళని. శౌరయ్య ఫోన్ చేసి, పోన్లే పాషా భాయ్ అని ఒక్క మాటతో తీసేశాడు. అంత తేలిగ్గా క్షమించగలగడం చూసి కూడా ఓర్వలేకపోయాను.

పత్రిక కుల్సుంకి చూపించి, క్యాసెట్ పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాను. సాంబారు ఫైటింగు వచ్చింది. నేను నవ్వాను. ఆమె పెదాలు బిగబట్టుకుని ఉంది. బాగాలేదా అని అడిగాను.

"బాగుంది. ఆ రోజు హాల్లో నేను నవ్వుతుంటే మీరు తెర చూడటం మానేసి నన్నే చూశారు. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. అప్పట్నుంచీ మీ ఎదుట నవ్వాలంటే భయమండీ," అంది.

నేను లేచి, కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని, నా చూపు ఆమె మీద పడకుండా వీపు పెట్టి కూర్చున్నాను. సినిమా అయ్యేదాకా వెనక్కి తిరగలేదు. నవ్వు మాత్రం వినపడలేదు.