జానీమియా కుట్టిన మూడు మెత్తలు

కోరుట్ల బస్టాండు వెనక సందులో జానీమియా పరుపుల దుకాణం ఎక్కడని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించరు. "దూది ఎగురుతున్న దిక్కు పో" అంటారు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. కనుబొమల మీద ఎప్పుడూ దూది పోగులుంటాయి. ముఖం కడుక్కుంటే పదేళ్లు తగ్గుతాడని భార్య సయీదా బేగం అంటుంది.

కుట్టిన ప్రతి పరుపు మీదా ముందు తానే పడుకుంటాడు. నిద్ర పడితే పరుపు బాగున్నట్టు, పట్టకపోతే కుట్లు విప్పి మళ్లీ కుడతాడు. పెళ్లిళ్ల కాలంలో రోజుకు నాలుగైదుసార్లు నిద్రపోవాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఎవరైనా వస్తే సయీదా బేగం పెదవుల మీద వేలు పెట్టి, "పనిల ఉన్నడు, లేపకుండ్రి" అని స్టూలు వేస్తుంది.

ఎదురుగా చంద్రమౌళి దుకాణం. సిరిసిల్లలో బట్టలు నేసే సాంచెల కింద ఊడ్చిన నూలు తుక్కు మూటలు మూటలుగా తెచ్చి, కర్రతో కూరి కూరి పరుపులు కుడతాడు. అవి ఇరవై ఏళ్లయినా అణగవు.

"అణగనిది పరుపెట్లైతది? బండ అయితది" అంటాడు జానీమియా.

"నీ పరుపుల పండుకున్నోడు మల్ల దొరుకుతడా? తాడేసి గుంజాలె" అంటాడు చంద్రమౌళి.

ముప్పై ఏళ్లుగా ఒకే హోటలు చాయ్ చెరిసగం తాగుతూ ఇద్దరిదీ ఇదే మాట.

కాలేజీ ఆడపిల్లల జాతీయ సాఫ్ట్‌బాల్ పోటీలు మొదలై అది మూడో ఏడు. ఆ ఏడు జగిత్యాలలో పెట్టారు. జానీమియా బిడ్డ జేబా డిగ్రీ ఆఖరు సంవత్సరం. రెండేళ్లుగా జట్టులో ఉంది గానీ, నీళ్ల సీసాలు అందించడం తప్ప బ్యాటు పట్టింది లేదు. ఈసారి ఆడే తొమ్మిదిమందిలో ఆమె పేరు వచ్చింది. ఓడితే ఇంటికే. వచ్చే ఏటికి ఆమె కాలేజీలోనే ఉండదు.

పోటీకి ముందురోజు కోచ్ మనోహర్ చెమటలు కక్కుకుంటూ దుకాణానికి వచ్చాడు. మైదానంలో పరుగుదారి మూలల్లో బిగించే బేసుల పెట్టె ఎక్కడో వేరే స్టేషన్లో దిగిపోయిందట.

"చాచా, మూడు బేసులు కుట్టియ్యాలె. పదిహేను అంగుళాల చదరం, మూడంగుళాల మందం, పైన తెల్ల గుడ్డ. రేప్పొద్దుగాల్ల కావాలె."

"వాటితోని ఏం జేస్తరు సార్?"

"పిల్లలు ఉరికచ్చి వాటి మీద పడ్తరు. నేల మీద జారుకుంట సుత అస్తరు."

"మా జేబా సుత పడ్తదా?"

"ఆమె పడాలనే గదా మనం చూస్తున్నది!" అని మనోహర్ మోగుతున్న ఫోను చెవిన పెట్టుకుని బండెక్కాడు. ఎంత గట్టిగా ఉండాలో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. అడగాల్సిన అవసరం ఏముంది? బిడ్డ పడేది దాని మీద.

మనవళ్లు పుడితే పొత్తిళ్ల పరుపుకని దాచుకున్న బూరుగు దూది మూట జానీమియా కిందికి దించాడు. మూడు మెత్తలు కుట్టి, తల ఒక్కటే పట్టే జాగా కాబట్టి తల ఒక్కటే పెట్టి, మూడింటి మీదా మూడు కునుకులు తీశాడు. మూడూ బాగున్నాయి.

పొద్దున వాటిని కొత్త దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని జగిత్యాల మైదానానికి తెచ్చాడు. వాటిని నేలకు బిగించారు. ఇండోర్ నుంచి వచ్చిన అంపైరమ్మ, పొడుగాటి మనిషి, బూటు కాలెత్తి మొదటి బేసు మీద పెట్టింది.

"ఓ మేడం! చెప్పుల కాలు! కొత్త మెత్త!" అంటూ జానీమియా గీతలు దాటి పరుగెత్తాడు.

ఆయన చేరేసరికి ఆమె కాలు చీలమండ దాకా దిగిపోయింది. రెండో కాలు కూడా పెట్టి చూడబోయి పక్కకు ఒరిగింది. మనోహర్ పట్టుకున్నాడు. ఆమె బంతి విసిరి చూసింది. బంతి మెత్తలో కూరుకుపోయి అక్కడే హాయిగా ఉండిపోయింది.

ఇది బేసు కాదు, తలగడ అని ఆమె హిందీలో తేల్చేసింది. అరగంటలో సరిచేయకపోతే ఇక్కడి జట్టు ఓడినట్టు రాస్తానని గడియారం చూసుకుంది.

జేబా పరుగున వచ్చింది. నెత్తి మీద టోపీ, మోకాళ్లకు పట్టీలు. "అబ్బాజాన్, గింత మెత్తగ ఎవలు జేయమన్నరు?"

"నువ్వు పడ్తవన్నరు బిడ్డా."

జేబాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇయ్యాల గిది ఆడకపోతే నేను మల్ల ఆడేది లేదు" అంది. ఆ తర్వాత నవ్వు పోయింది.

జానీమియా చుట్టూ చూశాడు. అతిథుల కుర్చీల్లో పెద్దమనుషులు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారి మారి కూర్చుంటున్నారు. ఆ కుర్చీల మెత్తలు చంద్రమౌళివి. వాటిని తెచ్చి వేసి, ఆయన కూడా ఓ చివర కూర్చుని చూస్తున్నాడు.

"చంద్రమౌళీ, నీ మెత్తలు మూడియ్యి."

"ఎందుకు? బండలు గదా?"

"బండలే కావాలెనట."

"అయితే మైకుల చెప్పు."

జానీమియా బిడ్డ వైపు చూశాడు. ఆమె టోపీ తీసి వేళ్లతో నలుపుతోంది. మైకు పట్టుకున్నాడు.

"కోరుట్ల చంద్రమౌళి పరుపులు... గట్టిగుంటయ్."

"మంచిగుంటయ్ అను!" అని కింద నుంచి చంద్రమౌళి.

"గట్టిగ... మంచిగుంటయ్."

ఎందుకో తెలియకపోయినా జనం చప్పట్లు కొట్టారు.

ఇద్దరూ గీత పక్కన గొంతు కూర్చుని కుట్లు విప్పారు. తుక్కు తెల్ల తొడుగుల్లోకి పోయింది, బూరుగు దూది కుర్చీ మెత్తల్లోకి పోయింది. చంద్రమౌళి బ్యాటు పిడితో కూరుతుంటే జానీమియా దబ్బనంతో కుట్టాడు. "ఇంక కూరకు, సాలు" అని నోటిదాకా వచ్చిన మాటను ఆరుసార్లు మింగాడు. అంపైరమ్మ బేసును తన్ని చూసి, కాలివేళ్లు పట్టుకుని, సరే అంది. అవతల ముఖ్య అతిథి మెత్త మీద కూర్చున్న రెండు నిమిషాలకే గురక పెట్టాడు.

ఆట మొదలైంది. వీళ్లిద్దరికీ అందులో ఓనమాలు తెలియవు. జేబా బంతిని కొట్టి, బ్యాటు వదిలేసి ఉరికింది. మొదటి మెత్త తొక్కింది, రెండోది తొక్కింది, మూడోదానికి బంతి ముందా తను ముందా అన్నట్టు ఎర్రమట్టిలో బోర్లా జారింది. దుమ్ము లేచింది. అంపైరమ్మ రెండు చేతులూ బార్లా చాపింది.

"గట్లంటే మంచిదా, చెడ్డదా?" అని జానీమియా చంద్రమౌళి భుజం పట్టుకున్నాడు.

"పిల్లలు ఎగురుతున్నరు గదా, మంచిదే."

దుమ్ములోంచి జేబా లేచి మూడో మెత్త మీద నిలబడింది. మెత్త అణగలేదు, జరగలేదు.

"చూసినవా, లోపలి సరుకు నాది" అన్నాడు చంద్రమౌళి.

"తొడుగు నాది."

"తొడుగుదేముంది? నిలవెట్టింది నా తుక్కు."

"నిలవడ్డది ఎవ్వలి బిడ్డయ్యా?" అన్నాడు జానీమియా.

చంద్రమౌళి చప్పట్లు కొట్టాడు.