మిగతా డెబ్బై

పదో తరగతిలో మా ఫిజిక్సు సారు దక్షత లెక్కలు చెంపదెబ్బలతోనే నేర్పారు. మిషనుకు పెట్టిన శక్తిలో నూటికి ఎంత పనికొచ్చిందో చెప్పాలి, అంతే. ఒకడు తలకిందులుగా భాగించి నూట ఇరవై అని రాస్తే వాడి తల బోర్డుకేసి కొట్టారు. "ఒరేయ్, పెట్టినదానికన్నా ఎక్కువ ఏ మిషనన్నా ఇచ్చుద్దంట్రా?" అని అరిచారు. నేను మాత్రం ఒక్క దెబ్బా తినలేదు. నా లెక్క తప్పేది కాదు, ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

ఇంటి దగ్గర మోటారు దక్షత లెక్క కట్టుకు రమ్మన్నారు ఒకసారి. మాది నకరికల్లు పక్కన పల్లె. నాన్నకీ బాబాయికీ కలిపి ఒకటే బావి, ఒకటే మోటారు, రోజు మార్చి రోజు వంతు. మా చేనికొచ్చే పైపు బాబాయి మిరపచేను అడుగున భూమిలోంచి వస్తుంది. మా వంతు రోజు పైపు మూతి కింద రెండొందల లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్లో టైము చూశాను. ఇరవై సెకన్లకు నిండింది. బావిలో నీళ్ళ నుంచి పైపు మూతి దాకా పన్నెండు మీటర్ల ఎత్తు. సెకనుకు పన్నెండు వందల జౌళ్ళ పని జరిగినట్టు. మోటారు తీసుకునేది నాలుగు వేల వాట్లని సారు ముందే చెప్పారు.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నాడు నాన్న.

"నూటికి ముప్పై నాన్నా. డెబ్బై నష్టం."

"డెబ్బై పాళ్ళు యాడికి పోతన్నయ్యి?"

అడిగింది నన్నే, కానీ చూసింది బాబాయి చేనువైపు. మా మిరప వడలిపోయి ఉంది, బాబాయిది పచ్చగా కాయ మీదుంది. నాన్న పక్కచేలవాళ్ళకు వినపడేలా కేక పెట్టాడు. "నేను చెబితే ఒక్కడన్నా నమ్మాడా? నీళ్ళ దొంగని నా కూతురు లెక్కేసి పట్టుకుందిరా!"

'నా కూతురు' అని నాన్న అంత గట్టిగా అనడం అదే మొదటిసారి. ఆ డెబ్బై నీళ్ళు కాదని, కరెంటని, అది వేడిగానూ రాపిడిలోనూ పోతుందని నాకు తెలుసు. సారు చెప్పి రాయించిన నోట్సు నా సంచిలోనే ఉంది. అయినా నోరు తెరవలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండిపోతుంది.

నాన్న గడ్డపార, పార తీసుకుని బాబాయి చేలో దిగాడు. కాయలతో ఉన్న మొక్కలను తొక్కుకుంటూ, పెరుక్కుంటూ పైపు వెంట తవ్వాడు. బాబాయి పరుగెత్తుకొచ్చి, "అన్నా, కాయ మీదున్న చేను, ఆపయ్యా!" అని చెయ్యి పట్టుకున్నాడు.

"నా నీళ్ళు తాగి పెంచావు కదరా!" అంటూ నాన్న పారకర్రతో కొట్టాడు. అడ్డం పెట్టిన కుడిచెయ్యి కందికట్టె విరిగినట్టు విరిగింది. బాబాయి ఎడంచేత్తో రాయి అందుకుని నాన్న మూతి పగలగొట్టాడు. ఇద్దరూ మిరపమొక్కల మీద పడి దొర్లారు, ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. పిన్ని నా జడ పట్టి లాగి, "చూస్తా నిలబడ్డావేందే!" అని రెండు చెంపలూ వాయించింది. పక్కచేలవాళ్ళొచ్చి విడదీసేసరికి నాన్నకు రెండు పళ్ళు లేవు.

అయినా ఆగలేదు. మూతిమీద నెత్తురు కారుతుండగానే మిగిలిన పైపు వెంటంతా తవ్వాడు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఎక్కడా చిల్లుగానీ, బాబాయి చేలోకి మళ్ళించిన పైపుగానీ లేదు. నాన్న గట్టు మీద కూలబడి పైపుకేసి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు బడికని చెప్పి బస్సెక్కి నరసరావుపేట ఆసుపత్రికి వెళ్ళాను. బాబాయి చేతికి కట్టు కట్టి ఉంది. మంచం పక్కన నిలబడి చెప్పాను, ఆ డెబ్బై నీళ్ళ నష్టం కాదని, ఏ మోటారుకైనా కొంత కరెంటు అలా పోతుందని.

బాబాయి కోప్పడలేదు. "అది మీ నాయనకి చెప్పావా?"

"రాత్రి చెప్పాను."

"మరి నీకెప్పుడు తెలిసింది అమ్మాయ్?"

అబద్ధం చెబుదామనుకున్నాను.

"ముందే" అన్నాను.

బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.