నెంబర్లతో పిలిచిన టీచరమ్మ గారు

మొన్న మంగళవారం పొద్దున్నే మా మనవరాలి టీచరమ్మ గారు పోయారు. ఆరేళ్లుగా ఆవిడతో నేను మాట్లాడలేదు. కోర్టులో జడ్జి గారి ముందు, అందరూ వింటుండగా, "ఈ పెద్దాయన అబద్ధం చెప్పారండీ" అన్నారావిడ. కడియంలో నా మొక్కల నర్సరీలో నలభై ఏళ్లుగా అంట్లు కడుతున్నాను. నేను కట్టిన అంటు బతకలేదని ఒక్కరూ తిరిగి రాలేదు. అలాంటి నన్ను ఆ మాట అంటే మరిచిపోతానా?

నేను చదివింది మూడో తరగతి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మనవరాలు మగపిల్లాడిగా పుట్టింది. ఎనిమిదో ఏట నుంచీ తాను ఆడపిల్లనే అంటూ వచ్చింది. మా అమ్మాయి సరేనంది. అల్లుడు కాదన్నాడు. ఇద్దరూ విడిపోయారు. తల్లి పిల్లాణ్ణి పాడుచేస్తోంది, నాకు ఇప్పించండని అల్లుడు కోర్టుకెక్కాడు. నేను అల్లుడి పక్షం.

పిల్ల పెంచుకున్న జుట్టు తీయిస్తే బుద్ధి మారుతుందనుకున్నాను. దేవుడికి మొక్కుందని చెప్పి తీసుకెళ్లి గుండు చేయించాను. మర్నాడే టీచరమ్మ గారు నర్సరీకి వచ్చారు.

"మొక్కు ఎవరిదండీ?"

"నాదే."

"మీ మొక్కుకి మీ తల ఇవ్వాలి కదండీ."

"నాకు జుట్టెక్కడుందమ్మా?"

"అందుకని పిల్లదాని మీద పడ్డారా?"

కోర్టులో మాత్రం, పిల్లాడే అడిగి గుండు చేయించుకున్నాడని చెప్పాను. టీచరమ్మ గారు బోనెక్కి, పిల్ల మూడు రోజులు తల మీద తువ్వాలు తీయకుండా క్లాసులో కూర్చున్న సంగతి చెప్పారు. పిల్ల తల్లి దగ్గరే ఉండిపోయింది. ఆవిడ చెప్పిందే నిజం.

రిజిస్టర్లో పేరు మార్చడం ఆవిడ చేతిలో లేదు. ఆ మగపేరు పిలిస్తే పిల్ల పలికేది కాదు. అందుకని క్లాసులో అందర్నీ నెంబర్లతోనే పిలవడం మొదలుపెట్టారు. ఒకాయన వచ్చి, "మావాడికి పేరు లేదా అండీ? ఇది బడా, జైలా?" అని గొడవపడ్డాడు. "నాకు మతిమరుపండీ, పేర్లు గుర్తుండవు" అన్నారట. ఊళ్లో మూడు తరాల వాళ్లని పేరు పెట్టి పలకరించే మనిషి.

ఏటా బడి తెరవగానే మొక్కలకి నా దగ్గరికే వచ్చేవారు. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. ఆవిడ నీళ్లు పోసే మనిషితో, నాకు వినబడేలా, "పిల్ల లెక్కల్లో ఫస్టొచ్చిందని ఆ పెద్దాయనకి చెప్పమ్మా" అనేవారు.

ఆ మనిషి నా వైపు తిరిగి, "విన్నారా అండీ?" అనేది.

"నాకు చెవుడు" అనేవాణ్ణి.

మా అమ్మాయి నన్ను గుమ్మం ఎక్కనివ్వడం లేదు. మనవరాలి కబుర్లు ఈ ఆరేళ్లూ నాకు తెలిసింది ఆవిడ వల్లే. ఒక్కసారన్నా దండం పెట్టలేదు.

సమాధుల తోటలో పిడికెడు మట్టి వేసి వెనక్కి తిరిగానో లేదో, అల్లుడు ఫోన్ చేశాడు. పిల్ల కోసం మళ్లీ కేసు వేశాడు. వచ్చే నెల మొదటి సోమవారం వాయిదా.

"ఆ టీచరమ్మ లేదు కదా మావయ్య గారూ, ఇంక అడ్డెవరు? అప్పుడు చెప్పిన మాటే చెప్పండి, చాలు."

ఎదురుగా మనవరాలు తల్లి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఫోన్లో ఉన్నది ఎవరో దానికి తెలిసిపోయింది. జరిగి తల్లి వెనకాల నిలబడింది. నేను ఫోన్ పెట్టేశాను.

అల్లుడు గారూ, ఇది మీ చేతికి వస్తుందని తెలిసే రాస్తున్నాను. కేసు వెనక్కి తీసుకుంటారా, నన్ను బోనెక్కించి నిజం చెప్పిస్తారా? వాయిదాకి ముందు ఆదివారం సాయంత్రం లోపల నాకు చెప్పండి.