ఆరోగ్యంగా కనిపించే కోడి

కోళ్ల వ్యాధుల మీద ఆన్‌లైన్‌లో పీజీ కోర్సు చేస్తున్నానని చెప్పినప్పుడు మా పశువుల ఆసుపత్రిలో నవ్వనివాళ్లు లేరు. "కంప్యూటర్లో కోడికి జొరం చూస్తారా మేడంగారూ?" అని ఒకాయన అడిగారు. ఆయన మర్యాదగానే అడిగారు. నాకే ఒళ్లు మండింది. ఊరు విడిచి హాస్టల్లో చేరితేనే చదువని ఎవరు తీర్మానించారు? ఉద్యోగమూ ఇల్లూ పిల్లలూ ఉన్న ఒక డాక్టరు మామిడికుదురు పక్క పల్లెలో కూర్చుని పైచదువు చదవడం హాస్యమైతే, ఆ హాస్యం వెనక ఉన్నది ఆడదాని చదువుకి ఎక్కడో ఒకచోట గీత గీయాలన్న పాత పట్టుదలే. ఆ గీతను లెక్కచేయకపోవడం నాకు నేర్పింది మా పక్కింటి టీచరుగారు.

ఆవిడ హైస్కూల్లో నాకు తెలుగు చెప్పారు, వక్తృత్వ పోటీలకు తయారుచేశారు. దేవుడు లేడని నేను రాసుకొచ్చిన ఉపన్యాసాన్ని, ఆదివారం చర్చి మానని ఆ మనిషి ఓపిగ్గా దిద్దేవారు. "నువ్వు చెప్పేది తప్పే. కానీ తప్పయినా సరిగ్గా చెప్పడం నేర్చుకో" అనేవారు. అలాంటి గురువు దొరకడాన్ని అదృష్టమనను, ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. అది ఆవిడ పెద్దమనసు.

రిటైరయ్యాక ఆవిడ కొబ్బరిచెట్ల కింద కోళ్లు పెంచుకుంటున్నారు. మురమళ్ళ దగ్గర ఆవిడ చెల్లెలు ఒక్కతే ఉంటుంది. గుడ్లూ కోడిపిల్లలూ అమ్ముకుంటేనే ఆ చెల్లెలి ఇల్లు గడుస్తుంది.

పోయిన వేసవిలో మా ఊరి అవతలి వీధిలో కోళ్లు చావడం మొదలైంది. మెడలు వంకర తిరగడం, పచ్చటి రెట్ట. పల్లెల్లో కొక్కెర తెగులంటారు, మా పుస్తకాల్లో రాణీఖేత్. తెగులు రాగానే ఊళ్లో మొదలయ్యే మొక్కుల మీదా బలుల మీదా నా మనసులో ఉపన్యాసం దానంతటదే తయారైపోయింది. అది పట్టుకుని టీచరుగారి పెరట్లోకి వెళ్తే, ఆవిడ పడుచు పెట్టల్ని ఏరి గంపలో పెడుతున్నారు.

"ఎక్కడికండీ ఇవి?"

"మా చెల్లెలింటికి. ఆటో చెప్పేను. ఊళ్లో తెగులు దిగింది కదా, బాగున్నవైనా దక్కుతాయి."

మా వైపు ఇది అందరూ చేసే పనే. తెగులు మాట వినగానే బాగున్న కోళ్లను చుట్టాలింటికి దాటిస్తారు. ఇందులో మూఢనమ్మకం ఏముంది? మంటకు దూరంగా జరపడమే కదా. నా ఉపన్యాసంలో ఒక్క ముక్కా ఇక్కడ అతకలేదు. బుద్ధి లేకపోవడం ఒక్కటే మనిషిని తప్పు చేయిస్తుందని అనుకునే నాకు, బుద్ధిగా ఆలోచించి చేసే తప్పు ఎదురైంది. ఆ ముందు వారమే క్లాసులో మా ప్రొఫెసరుగారు చెప్పారు. తెగులును ఊరు దాటించడంలో చచ్చిన కోడి కంటే ఆరోగ్యంగా కనిపించే కోడి ప్రమాదం. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో అది మేత తింటుంది, గుడ్డు పెడుతుంది, ఆటో ఎక్కుతుంది.

అదే చెప్పాను. ఆవిడ గంప మీద చెయ్యి తియ్యకుండానే విన్నారు.

"కనబడదు, వినబడదు, కానీ లోపల ఉందంటావు. ఇన్నేళ్లూ నా దేవుడి మీద నువ్వు తెచ్చిన అభ్యంతరం ఇదే కదే?"

అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఆటో అతను గట్టిగా నవ్వాడు.

"తేడా ఉందండీ. దీన్ని పరీక్ష పెట్టొచ్చు. ఓ రెండు మూడు వారాలు వీటిని విడిగా మూసి ఉంచండి. ఏమీ కాకపోతే నాది తప్పని ఒప్పుకుని, నా బండి మీద నేనే మురమళ్ళలో దింపి వస్తాను."

"ఈలోగా అవతలి వీధి తెగులు వీటికి తగిలితే?"

నా వాదనలో బలహీనమైన చోటు ఆవిడకు ఎప్పుడూ దొరుకుతుంది.

"తగలొచ్చండి. అప్పుడు పోయేవి మీ కోళ్లు. ఇప్పుడు పంపితే మీ చెల్లెలుగారివి కూడా పోవచ్చు."

ఆవిడ గంప మీంచి చెయ్యి తీశారు. "దాని బతుకే ఆ కోళ్లు" అన్నారు చివరికి. ఆటో అతనితో, "వెళ్లిపో నాయనా, ఇవాళ ప్రయాణం లేదు" అన్నారు.

ఆ పెట్టలకు ఇంకా టీకా పడలేదు. ఆ సాయంత్రమే చుక్కలు వేశాను. అప్పటికే ఒంట్లో ఉన్నదాన్ని టీకా ఆపలేదని కూడా ఆవిడకు చెప్పాను. వారం తిరక్కుండానే ఆవిడ గోడ దగ్గరికొచ్చి పిలిచారు.

"నువ్వే గెలిచేవమ్మా. నల్లపెట్ట మెడ తిప్పేస్తంది."

గెలిచినందుకు బాధపడిన వాదన నా జీవితంలో అదొక్కటే. ఆదివారం ఉదయం ఆ పెట్ట చచ్చిపోయింది. సరిగ్గా ఆ పూటే మాకు ప్రాక్టికల్ క్లాసు. అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే అడిగారు.

"నీ క్లాసుకి ఇది పనికొస్తదా?"

"ఆయ్, పనికొస్తదండి. కానీ మీకు చర్చి టైమవుతుంది."

"తెగులు కోడిని పట్టుకున్న ఈ బట్టలతో ఎలా వెళ్తాను? చర్చికొచ్చేవాళ్లలో సగంమందికి కోళ్లున్నాయి. నన్ను చర్చి మాన్పించాలని ఇన్నేళ్లు చూసేవు, ఆఖరికి కోడి చేత మాన్పించేవు."

మాస్కులూ గ్లౌజులూ వేసుకున్నాం. నేను కోస్తుంటే ఆవిడ నా ఫోను పట్టుకుని క్లాసుకు చూపించారు. కందనకాయకు పైనుండే చిన్న పొట్టను తెరవగానే లోపల ఎర్రటి రక్తపు చుక్కలు కనిపించాయి. స్క్రీన్ మీద ప్రొఫెసరుగారు, "కొంచెం దగ్గరికి పెట్టండమ్మా. పట్టుకున్నదెవరు? చెయ్యి వణకడం లేదు" అన్నారు.

"ఈ కోడి నాదేనండి" అన్నారు టీచరుగారు.

ప్రొఫెసరుగారు ఆవిడకు నమస్కారం పెట్టి, ఆ చుక్కలేమిటో, ఎందుకు వస్తాయో ఆవిడకే తెలుగులో వివరించారు. ఆ పది నిమిషాలూ పరీక్షకు రానివని మాలో ఎవరూ గొణగలేదు. ఆ క్లాసుకూ, ఆయనకూ, మా ఊరి సిగ్నలుకూ నేను రుణపడి ఉన్నాను. కోడిని సున్నం చల్లి గోతిలో పూడ్చాం, నమూనాలు ల్యాబ్‌కి పంపాను. రాణీఖేతే అని తేలింది. ఆవిడ కోళ్లలో సగానికి పైగా పోయాయి.

చెల్లెలికి మాత్రం కోపమొచ్చింది. కోళ్లు పంపుతానని పంపలేదు, ప్రతి నెలా వచ్చే అక్క రావడమూ మానేసింది. ఒక సాయంత్రం నేను అక్కడుండగానే ఫోను చేసింది. గొంతు నాక్కూడా వినబడేంత గట్టిగా ఉంది.

"నాలుగు పెట్టల్ని పెంచిపెట్టడానికి నేను పనికిరాకపోయేనా అక్కా? ఇప్పుడు నువ్వూ రావా?"

టీచరుగారు ఆవిణ్ణి పూర్తిగా మాట్లాడనిచ్చారు. తర్వాత మెల్లగా, క్లాసులో పాఠం చెప్పినట్టే మొత్తం చెప్పారు. గంప సంగతి, నల్లపెట్ట సంగతి, ఎర్రచుక్కల సంగతి. "తెగులు నా చెప్పులకంటుకుని కూడా వస్తదంట. అందుకే రాలేదు."

"మరి ఇన్నాళ్లు చెప్పలేదేం?"

"నువ్వు హడిలిపోతావని. నీ కోళ్లెలా ఉన్నాయి?"

"బానే ఉన్నాయి. గూట్లోకెక్కుతున్నాయి."

"ఫోను ఓసారి గూటి దగ్గర పెట్టు."

టీచరుగారు స్పీకరు నొక్కి ఫోను అరుగు మీద పెట్టారు. అవతల కోళ్లు చోటు కోసం పొడుచుకుంటూ సణుగుతున్నాయి. ఒక పుంజు దేనిమీదో కోప్పడుతోంది. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అవి సర్దుకునేదాకా విన్నారు. నేనూ విన్నాను.