చవితి పొద్దున టపాసుల చప్పుడు

మా అత్త సుభద్రమ్మ దీపావళినాడు టపాసుల్లో సగమే కాల్చనిచ్చి, మిగతా సగం అట్టపెట్టెలో పెట్టి తన మంచం కిందికి తోసేసింది. పక్క ఫ్లాట్ పిల్లలు ఆశగా వచ్చి గుమ్మంలో నిలబడితే తలా ఒక కాకరపువ్వొత్తి చేతిలో పెట్టి పంపేసింది. పుణె దగ్గర చాకణ్‌లో మేముండే బిల్డింగులో ఆవిడకి పిసినారి అని పేరు పడిపోయింది. వాళ్లకేం తెలుసు. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు దీపావళికి సగం, నాగులచవితికి సగం. అమావాస్య వెళ్లిన నాలుగోనాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ తోటల్లోకి వెళ్లి, పుట్టలో పాలు పోసి, అక్కడే టపాసులు కాల్చి, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి తిని ఇంటికొస్తాం.

అత్తది గరివిడి అవతల వరీ నువ్వులూ పండించే ఇల్లు. నాకు అమ్మ లేదు కాబట్టి నేను బిడ్డని కన్నప్పుడు పురుడు ఆవిడే పోసింది. పసిపిల్లకి నీళ్లు పొయ్యడానికి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. ఏ పనైనా ఎవర్నీ అడక్కుండా మొదలుపెడుతుంది, వద్దన్నవాళ్ల చేతే ఆ పని చేయిస్తుంది. ఈ సుఖం మా ఆయన గిరిబాబుకి పుట్టినప్పటి నుంచీ ఉంది, నాకు పెళ్లైనప్పటి నుంచీ.

పెళ్లైన చాలాకాలం దాకా నాకు పిల్లల్లేరు. ఊళ్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే అత్త వాళ్లని గుమ్మం దిగేదాకా వదిలేది కాదు. ఒక చవితినాడు నన్ను పుట్ట ముందు నిలబెట్టి, బిడ్డ పుడితే దాని మొదటి చవితికి దాని చేత్తోనే పాలు పోయిస్తానని పదిమందీ వినేలా మొక్కేసింది. ఆశ్రిత పుట్టింది. నాగన్న ఇచ్చిన పిల్ల కాబట్టి నాగ ఆశ్రిత. ఇది దానికి మొదటి చవితి. గిరిబాబుకి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. మేమిద్దరమైనా పిల్లని ఊరికి తీసుకెళ్దామంటే కోణార్క్ రైల్లో వెయిటింగ్ లిస్టు కదల్లేదు.

"పిండితో పుట్ట సేసి పాలు పోసీమ్మా," అన్నాడు గిరిబాబు.

"పిండిపుట్టలో పామెక్కడుంటాదిరా. మొక్కింది నాను. మాట తప్పి నాగన్న ముందు ఏ మొకమెట్టుకు నిలబడతాను?"

ఇక పుట్ట వేట మొదలైంది. పుట్టని మరాఠీలో ఏమంటారో ఆవిడకి తెలియదు. పక్క ఫ్లాటావిడ ముందు అరచేతిని పడగలా పట్టి, నేలకేసి చూపించి, ఎక్కడని సైగ చేసింది. ఆవిడ కెవ్వుమంది. కాసేపటికి వాచ్‌మన్ పాములు పట్టేవాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను సింకు కిందా బీరువా వెనకా కర్రతో వెతుకుతుంటే అత్త వెనకే తిరుగుతూ, "పాము కాదు నాయినా, పుట్ట" అని తెలుగులోనే నచ్చజెప్పింది. టపాసుల పెట్టె దగ్గరికి మాత్రం కర్ర రానివ్వలేదు. చివరికి టీ ఇచ్చి పంపించాం.

వెతగ్గా వెతగ్గా ఖాళీ ప్లాట్ల వెనక ఒక పుట్ట కనబడింది. ఆనందంగా ఇంటికొచ్చి నువ్వులు దంచుకున్నాం. చవితి ముందురోజు పసుపు రాద్దామని వెళ్లేసరికి జేసీబీ ఆ నేలంతా చదును చేసేసింది. అత్త అక్కడే ఒక రాయి మీద కూలబడింది. ఆవిడ మొహం అలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది. మొక్కు ఆవిడదే కానీ పిల్ల నాది. రేపు దానికి ఒళ్లు వెచ్చబడితే మా ఇద్దరికీ ఈ తప్పిన మొక్కే గుర్తొస్తుంది.

చవితి పొద్దున లేచేసరికి అత్త తలస్నానం చేసి, కొత్త చీర కట్టి, ఆవుపాల క్యాను, చిమ్మిలి, చలిమిడి సంచిలో సర్దేసి తయారుగా ఉంది. పాలు పోసేదాకా ఆవిడకి ఉపవాసం.

"ఎక్కడికత్తా?"

"ఏమో. ముందు నువ్వు పిల్లకి తానం సేయించు."

పిల్లకి గౌను తొడుగుతుండగా ఎక్కడో దూరంగా పటపటమని టపాసుల సరం పేలింది. అత్త తల ఎత్తింది.

"ఒసే రేఖా, ఇన్నావేటి?"

"పిల్లలెవరో కాల్సుంటారత్తా."

"ఈల్ల దీపావళి ఎప్పుడో అయిపోనాది. సవితి పొద్దున టపాసు కాల్సినోడు మనోడే. పిల్లనెత్తుకో."

మంచం కిందికి తనే వంగి పెట్టె లాగింది. నైట్ షిఫ్టు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విప్పబోతున్న గిరిబాబు నెత్తిన పెట్టింది. చప్పుడు వినబడినంతసేపూ నడిచాం, ఆగితే మేమూ ఆగాం. హైవే దాటి, రేకుల షెడ్ల వెనగ్గా, చిన్న కొండ మొదట్లోకి వెళ్లాం. తుమ్మచెట్టు పక్కన మనిషెత్తు పుట్ట. దానికి పసుపూ కుంకుమా. చుట్టూ మన వైపు ఆడవాళ్లు.

"ఏ ఊరమ్మా మీది?" అంది అత్త రొప్పుతూ.

"నెల్లిమర్ల," అంది అందులో పెద్దావిడ. పేరు లక్ష్మణమ్మ. ఆవిడ మొగుడు ధనరాజు ఇక్కడ సెంట్రింగ్ పని చేస్తాడట. "మరి మీదో?"

"గరివిడి అవతల. ఈ పుట్ట కోసం తిరగని సోటు లేదమ్మా."

"మేం ఏటేటా ఇక్కడే పోస్తన్నాం. నువ్వే ఇన్నాళ్లూ రానేదు."

అత్త నవ్వింది. వాళ్ల దగ్గర చిమ్మిలి లేదని, రోలు లేక దంచలేదని తెలియగానే ఆవిడకి మునుపటి బలం వచ్చేసింది. చిమ్మిలి లేని చవితేమిటని అందర్నీ చీవాట్లు పెట్టి, అందరికీ పంచడానికి లక్ష్మణమ్మనే పురమాయించింది.

తర్వాత పిల్లని తన ఒడిలో కూర్చోబెట్టుకుని, దాని చేతికి గిన్నె ఇచ్చి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది. మొదటి చుక్కలు పిల్ల గౌను మీద పడ్డాయి. తర్వాత పాలు ధారగా పుట్ట కన్నంలోకి దిగాయి. "నాగన్నా, మాట సెల్లించీసాను" అని అత్త పుట్టమన్ను తీసి పిల్ల చెవులకి రాసింది, నా చెవులకీ రాసింది. నేను ఏడుస్తూనే నవ్వాను. ఇంత గర్వం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు.

"ఇటు తేరా ఆ పెట్టి," అంది కొడుకుతో. అందులో పెద్ద సరం తీసి తనే అంటించింది. కొండంతా మోగిపోయింది. పిల్ల బెదరలేదు, రెండు చేతులూ చాపి కేరింతలు కొట్టింది.

పొగ తేలిపోయాక చూస్తే, షెడ్ల సందులోంచి ఒక కొత్త జంట వస్తోంది. అమ్మాయి చేతిలో మూతపెట్టిన పాలగిన్నె. దారి తప్పినవాళ్లలా అటూ ఇటూ చూస్తున్నారు. మా అత్త నడుముకి కొంగు బిగించి చెయ్యి ఊపింది.

"ఇటమ్మా, ఇటు రండి. పుట్ట ఇక్కడున్నాది."